పాపమంతా కెప్టెన్‌దేనా సారూ?

నాలుగు వారాలుగా వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు ముందేసుకుని కూర్చున్నాను. కబడ్డీ గురించి ఇద్దరు, మోకాలి వాపు గురించి ఒకరు అడిగారు. వాళ్లు ఏమనుకోవద్దు, వచ్చే సంచికలో రాస్తాను. మిగతావన్నీ ఒకటే గోల. 2025 నవంబరులో దక్షిణాఫ్రికా మన గడ్డ మీదికి వచ్చి 2-0తో టెస్టు సిరీస్ పట్టుకుపోయింది, ఇంకా ఈ కెప్టెన్ ఎందుకు అని. నేను నల్గొండ, పాలమూరు బడుల్లో ముప్పై ఏళ్లు డ్రిల్ సారుగా ఈల ఊదినవాణ్ని. నా జవాబులతో సెలెక్టర్లకు పని లేదు గానీ మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. పేర్లు వద్దనుకుని ఊళ్లు మాత్రమే వేస్తున్నాం. కొన్ని తిట్లు కత్తిరించాం.

ప్రశ్న: కోల్‌కతాలో 124 కొట్టలేక 93కే చాప చుట్టేశారు. గువాహటిలో 408 పరుగుల తేడాతో ఓడారు. ఇంకా శుభ్‌మన్ గిల్‌నే కెప్టెన్‌గా ఉంచుతారా సార్? మా మిల్లులో హమాలీలు కూడా తిడుతున్నారు.
— రైస్‌మిల్లు గుమస్తా, మిర్యాలగూడ

హమాలీ అన్నలకు నా నమస్కారం చెప్పండి. వాళ్ల కోపం నాకూ ఉంది. కోల్‌కతా మ్యాచ్ మూడో రోజు నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒక టీ హోటల్లో కూర్చుని చూశాను. ఆట అయిపోగానే టీవీ కట్టేసింది హోటలాయన కాదు, సమోసా తింటున్న ఓ పెద్దమనిషి. రిమోట్ ఆయన చేతిలోకి ఎప్పుడు వెళ్లిందో ఎవరం చూడలేదు.

అయితే ఒక్క మాట అడుగుతాను. ఆ 93 పరుగుల ఇన్నింగ్స్‌లో గిల్ ఎక్కడున్నాడు? మొదటి ఇన్నింగ్స్‌లో ఒక ఫోర్ కొట్టాడు, మెడ పట్టేసింది, ఆసుపత్రి పాలయ్యాడు. రెండో ఇన్నింగ్స్‌లో బ్యాట్ పట్టనే లేదు. గువాహటిలో అసలు జట్టులోనే లేడు, అక్కడ నడిపింది రిషబ్ పంత్. ఈ రెండు ఓటములకు గిల్‌ను దించమనడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

మరి ఎవరిని అనాలి? నన్నడిగితే ముందు ఆ పిచ్‌ను అనాలి. బంతి గిర్రున తిరిగే పిచ్ తయారు చేయించుకుని నలుగురు స్పిన్నర్లతో దిగాం. వాళ్ల సైమన్ హార్మర్ ఎనిమిది వికెట్లు తీసుకుని పోయాడు. మ్యాచ్ అయ్యాక కోచ్ గౌతమ్ గంభీర్, మేం అడిగిన పిచ్ ఇదే, ఇందులో ఏ తప్పూ లేదన్నాడు. తప్పు లేకపోతే మరీ ఘోరం. ఏడాది ముందు న్యూజిలాండ్ వచ్చి 3-0తో ఓడించినప్పుడూ ఇదే కథ. పుణేలో మిచెల్ శాంట్నర్ 13 వికెట్లు, ముంబైలో ఎజాజ్ పటేల్ 11. మనం తవ్విన గోతిలో మనమే పడ్డాం, పైకొచ్చి దుమ్ము దులుపుకుని మళ్లీ అక్కడే తవ్వాం.

అదే కోల్‌కతా పిచ్ మీద, అంతటి మ్యాచ్‌లో, యాభై దాటింది ఒక్కడే. వాళ్ల కెప్టెన్ టెంబా బవుమా, 55 నాటౌట్. పొట్టి మనిషి. బంతి దగ్గరికి వచ్చేదాకా ఆగి, ఒంటికి ఆనించుకున్నట్టు ఆడాడు. ఆ ఇన్నింగ్స్ మా బడి పిల్లలకు చూపించి ఉంటే నాకు సగం పాఠం తప్పేది.

ఇక బ్యాటింగ్‌లో మూడో నంబరు సంగతి. రాహుల్ ద్రావిడ్, ఆయన తర్వాత చతేశ్వర్ పుజారా. ఏళ్ల తరబడి ఎక్కువగా వీళ్లిద్దరే కాశారు ఆ చోటు. ఇప్పుడు చూడండి. ఇంగ్లండ్‌లో సాయి సుదర్శన్, తర్వాత కరుణ్ నాయర్, మళ్లీ సుదర్శన్. కోల్‌కతాలో వాషింగ్టన్ సుందర్. గువాహటిలో మళ్లీ సుదర్శన్. బస్టాండులో కర్చీఫ్ వేసిన సీటు కూడా ఇంతమంది మారరు.

గిల్ తప్పులేమీ లేవని కాదు. ఇంగ్లండ్‌తో మాంచెస్టర్ టెస్టులో సుందర్‌కు 69వ ఓవర్ దాకా బంతి ఇవ్వలేదు. ఇచ్చాక అతను పోప్‌నూ బ్రూక్‌నూ వెంటవెంటనే పంపించాడు. అప్పటికే ఆలస్యమైంది, ఇంగ్లండ్ 669 చేసింది. ఆ రోజు నేనూ టీవీ ముందు కూర్చుని 'ఇయ్యిరా బాబూ వానికి' అని అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి 'ఏమియ్యాలి?' అని వచ్చింది.

కానీ అదే సిరీస్‌లో ఆ పిల్లవాడు 754 పరుగులు చేశాడు. ఎడ్జ్‌బాస్టన్‌లో 269, 161 కొట్టి, ఆ మైదానంలో మన దేశానికి మొట్టమొదటి టెస్టు గెలుపు తెచ్చాడు. సిరీస్ 2-2. తర్వాత ఇక్కడ వెస్టిండీస్ మీద 2-0. 2025 మేలో పగ్గాలిచ్చి నవంబరులో లాక్కుంటే మిరప నారు పోసి ఆరో రోజు పీకి చూసుకున్నట్టు ఉంటుంది.

బోర్డును నేను తప్పుపట్టేది ఇంకోచోట. అక్టోబరులో వన్డే కెప్టెన్సీ కూడా అతని నెత్తినే పెట్టారు. టీ20లో అప్పట్లో వైస్ కెప్టెన్ ఎలాగూ అతనే. నవంబరు 8న ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో టీ20 కోసం గ్రౌండులో ఉన్నాడు, 14న కోల్‌కతాలో టెస్టు టాస్‌కు వచ్చాడు. మధ్యలో విమానం, నిద్ర, నెట్స్. అరక కట్టిన ఎద్దును విప్పి వెంటనే బండికి కట్టరు మన రైతులు.

ప్రశ్న: సార్, నేను కాలేజీ జట్టులో ఆడుతున్నాను. బౌలింగ్ బౌలర్ చేస్తుంది, బ్యాటింగ్ బ్యాటర్ చేస్తుంది. మధ్యలో కెప్టెన్ చేసేదేమిటి? నిజంగా అంత తేడా ఉంటుందా?
— డిగ్రీ విద్యార్థిని, కొల్లాపూర్

మంచి ప్రశ్న అడిగావు బిడ్డా. పెద్ద పెద్ద పేపర్లలో రాసేవాళ్లు కూడా ఇది అడగరు.

మీ వైపు గుంపు మేస్త్రి అంటే నేను చెప్పనక్కర్లేదు. పాతిక మందిని వెంటేసుకుని బొంబాయి, పుణే పోయేవాడు. ఎవరి చేతికి గడ్డపార, ఎవరికి తట్ట అని పొద్దున్నే తేల్చాలి. జ్వరమొచ్చిన వాణ్ని నీడకు పంపి వాడి పని ఇంకొకడికి పంచాలి. తానూ తట్ట మోయాలి. కాంట్రాక్టరు డబ్బులు ఎగ్గొడితే కూలీలు పట్టుకునేది మేస్త్రి గల్లానే. మేస్త్రి ఎంత మంచివాడైనా ఇద్దరే మనుషులుంటే కాలువ తవ్వలేడు. మేస్త్రి చెడ్డవాడైతే వంద మంది ఉన్నా తవ్వలేడు. కెప్టెన్ కూడా అంతే.

బంతి ఎవరికివ్వాలి, ఎప్పుడు ఆపాలి, స్లిప్‌లో ముగ్గురా ఒకరా, 80 ఓవర్లు అయ్యాక కొత్త బంతి వెంటనే తీసుకోవాలా, అంపైర్ తీర్పు మీద రివ్యూ అడగాలా వద్దా. ఆ రివ్యూకు పదిహేను సెకన్లే టైము. వికెట్ కీపర్ అవునంటుంది, బౌలర్ కాళ్లావేళ్లా పడుతుంది, షార్ట్ లెగ్‌లో ఉన్నామె తల అడ్డంగా ఊపుతుంది. అంపైర్ మొహంలో ఏమీ కనిపించదు. పదిహేను సెకన్లలో తేల్చాలి.

తేడా ఉంటుందా అంటే, 2025 నవంబరు 2న నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ గుర్తు చేసుకో. అదే టోర్నీలో మన అమ్మాయిలు వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడారు. మొదటి రెండూ విశాఖలోనే, దక్షిణాఫ్రికా చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో. మూడోది ఇందోర్‌లో ఇంగ్లండ్ చేతిలో. అప్పుడు హర్మన్‌ప్రీత్ కౌర్‌ను ఎన్ని మాటలన్నారో నీకు తెలుసు. నేనూ ఒక మాట అన్నాను, దాచుకోను. 'ఈమె పని అయిపోయింది' అని.

ఫైనల్లో మనం 298 చేశాం. దక్షిణాఫ్రికా గట్టిగానే వస్తోంది, లారా వోల్వార్ట్ కుదురుకుంది. సరిగ్గా అప్పుడు హర్మన్‌ప్రీత్ బంతిని షెఫాలీ వర్మకిచ్చింది. షెఫాలీ అసలు బౌలరే కాదు, కొట్టడానికి పుట్టిన పిల్ల. మొదట ఎంపిక చేసిన జట్టులో కూడా లేదు, ప్రతీకా రావల్‌కు గాయమైతే సెమీఫైనల్ ముందు పిలిపించారు. ఆ రోజు బ్యాట్‌తో 87 కొట్టి ఉంది. తన రోజు అని కెప్టెన్‌కు అనిపించింది, ఇచ్చింది. సునే లూస్ అవుట్. ఆ తర్వాతి ఓవర్లోనే మరిజాన్ కాప్ అవుట్. ఏ కోచింగ్ పుస్తకంలోనూ లేని ఓవర్లు అవి. బెడిసికొట్టి ఉంటే మర్నాడు పేపర్లు ఏం రాసేవో! దీప్తి శర్మ ఐదు వికెట్లు, చివరికి 52 పరుగులతో గెలుపు. మన కడప పిల్ల శ్రీచరణి కూడా ఆ కప్పు పట్టుకుంది.

ఇక్కడ మిథాలీ రాజ్‌ను మరిచిపోతే పాపం. హైదరాబాద్‌లో ఆట నేర్చుకుని 2005లో, 2017లో రెండుసార్లు జట్టును ప్రపంచకప్ ఫైనల్ దాకా తీసుకెళ్లింది. 2017లో లార్డ్స్‌లో ఓడింది తొమ్మిది పరుగులతో. ఆమె కెప్టెన్సీ ఫైనల్ దాటలేదని ఎవరైనా అంటే నా ముందు అనొద్దని చెప్పు.

ప్రశ్న: కోహ్లీ, రోహిత్‌లను బతిమాలి టెస్టుల్లోకి తెస్తే ఈ దరిద్రం పోదా?
— మొబైల్ షాపు యజమాని, నాగర్‌కర్నూల్

న్యూజిలాండ్ చేతిలో 0-3 ఓడినప్పుడు ఇద్దరూ ఆడారు తమ్ముడూ. బెంగళూరులో 46 ఆలౌట్ అయినప్పుడు కూడా. మబ్బు పట్టిన పొద్దున టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకుని, పిచ్‌ను తప్పుగా అంచనా వేశానని రోహితే ఒప్పుకున్నాడు. వాళ్లంటే నాకూ ప్రేమే. 2025 మేలో వాళ్లే వెళ్లిపోయారు, వెళ్లనిద్దాం.

ప్రశ్న: కెప్టెన్‌ను పెట్టేదీ తీసేదీ ఎవరు? సెలెక్టర్లా, బోర్డు ప్రెసిడెంటా, కోచా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు.
— టీ స్టాల్ నడిపే చదువరి, జడ్చర్ల

కాగితం మీద చెప్పాలంటే సెలెక్టర్లు. ఐదుగురి కమిటీ, 2025లో దానికి పెద్ద అజిత్ అగార్కర్. కాగితం బయట సంగతులు మీ స్టాల్ దగ్గర మాట్లాడుకునేట్టే ఉంటాయి.

1971లో పటౌడీని దించి అజిత్ వాడేకర్‌ను పెట్టింది ఒకే ఒక్క ఓటు. ఓట్లు సమానమైతే సెలెక్టర్ల పెద్ద విజయ్ మర్చంట్ వేసిన కాస్టింగ్ ఓటు. జనం నోరెళ్లబెట్టారు. వాడేకర్ వెళ్లి వెస్టిండీస్‌లో గెలిచాడు, ఇంగ్లండ్‌లో గెలిచాడు. అంతకుముందు ఆ రెండు చోట్లా మనం సిరీస్ గెలిచిందే లేదు. మూడేళ్లు తిరక్కుండానే 1974లో ఇంగ్లండ్‌లో 0-3, లార్డ్స్‌లో 42 ఆలౌట్. అంతే, తిరిగొచ్చాక వెస్ట్ జోన్ జట్టులో కూడా చోటివ్వలేదు. ఆయన ఆట మానేశాడు. పూలదండ వేసిన మెడకే కదా ఉరి అని మా నాన్న అప్పట్లో రేడియో కట్టేసి అన్నాడు.

ఇంకోటి 2012. ధోనీ కెప్టెన్‌గా ఉన్న రోజుల్లో ఇంగ్లండ్‌లో 0-4, ఆస్ట్రేలియాలో 0-4. సెలెక్టర్లు అతన్ని మార్చాలనుకున్నారు, బోర్డు ప్రెసిడెంట్ శ్రీనివాసన్ ఒప్పుకోలేదు. ఆ కమిటీలో ఉన్న మొహిందర్ అమర్‌నాథ్ తర్వాత టీవీలో బయటపెట్టాడు. ధోనీ ఆడే ఐపీఎల్ జట్టు ఆ ప్రెసిడెంట్ కంపెనీదే కావడం వేరే ముచ్చట. ఎవరు కరెక్ట్? 2013లో ధోనీ ఆస్ట్రేలియాను ఇక్కడ 4-0 కొట్టాడు, చాంపియన్స్ ట్రోఫీ తెచ్చాడు. కానీ ఆ తర్వాత కూడా విదేశాల్లో అతని కింద మనం గెలిచిన టెస్టు ఒక్కటే, 2014 లార్డ్స్. కాబట్టి ఇద్దరూ కరెక్టే. టీ చల్లారిపోతుంది, ఇంకో ప్రశ్నకు పోదాం.

ప్రశ్న: నాకు 78 ఏళ్లు. నా చిన్నతనంలో ఒకే సిరీస్‌లో నలుగురు కెప్టెన్లు మారారని మా పెద్దన్న చెప్పేవాడు. మనవళ్లు నమ్మడం లేదు. అది నిజమా? మన హైదరాబాద్ వాళ్లు ఎవరైనా ఉన్నారా అందులో?
— విశ్రాంత పోస్ట్‌మాస్టర్, వనపర్తి

నూటికి నూరు పాళ్లు నిజం అయ్యా. ఈ ముక్క మనవళ్లకు చదివి వినిపించండి.

1958-59లో వెస్టిండీస్ వచ్చింది. ఐదు టెస్టులు. మొదటిదానికి పాలీ ఉమ్రిగర్. రెండు, మూడు టెస్టులకు మన హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. కోల్‌కతాలో, అప్పటి కలకత్తాలో, రోహన్ కన్హాయ్ ఒక్కడే 256 కొట్టాడు. మనం ఇన్నింగ్స్ 336 పరుగులతో ఓడాం. గులాం అహ్మద్ తప్పుకున్నాడు. మద్రాసులో నాలుగో టెస్టుకు మళ్లీ ఉమ్రిగర్‌నే అన్నారు. పదకొండు మందిలో ఎవరుండాలన్న దగ్గర బోర్డుతో పేచీ వచ్చి, తెల్లారితే మ్యాచ్ అనగా ఆయన రాజీనామా చేశాడు. దాంతో వినూ మన్కడ్ వచ్చాడు. ఢిల్లీలో ఐదో టెస్టుకు హేమూ అధికారి. సిరీస్ 0-3. సరిపోలేదన్నట్టు తర్వాతి వేసవిలో ఇంగ్లండ్‌కు ఇంకో కొత్త కెప్టెన్ దత్తా గైక్వాడ్‌ను పంపారు. అక్కడ 0-5.

మీ మనవళ్లకు ఇది కూడా చెప్పండి. నలుగురు మారారు గానీ వెస్ హాల్, రాయ్ గిల్‌క్రిస్ట్ బంతుల వేగం మారలేదు. నాలుగు పేర్లు రాసినా అటువైపు పరుగెత్తుకొచ్చేది వాళ్లే కదా.

మనవాళ్ల సంగతి అడిగారు. మొట్టమొదటి టెస్టు, 1932 లార్డ్స్, కెప్టెన్ సీకే నాయుడు. పుట్టింది నాగపూర్‌లోనైనా తెలుగింటి మనిషి. 1936లో ఇంగ్లండ్‌కు నడిపిన విజయనగరం మహారాజకుమార్, అదే విజ్జీ, గురించి మాత్రం తెలుగువాడని గొప్పగా చెప్పుకోలేం. ఆరు ఇన్నింగ్స్‌లలో 33 పరుగులు. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ లేదని టూర్ మధ్యలో ఓడ ఎక్కించి ఇంటికి పంపేశాడు. ఇప్పటి కెప్టెన్లను తిట్టే ముందు విజ్జీని తలుచుకుంటే కోపం కొంచెం దిగుతుంది.

ఆ తర్వాత అజహరుద్దీన్. 47 టెస్టులకు కెప్టెన్, 14 గెలుపులు. ఇంట్లో పులి. బయట గెలిచింది మాత్రం ఒక్కటే, 1993లో శ్రీలంకలో.

నాకు అన్నింటికంటే నచ్చే ముచ్చట ఇంకొకటుంది. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ భారత జట్టుకు కెప్టెన్‌గా ఉన్న రోజుల్లో రంజీలో హైదరాబాద్‌కు ఆడేవాడు. అక్కడ కెప్టెన్ ఎంఎల్ జయసింహ. అంటే దేశానికి కెప్టెన్ అయినవాడు ఫతే మైదాన్‌లో జయసింహ ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడేవాడు. ఆ జయసింహకు ఒక్క టెస్టులో కూడా భారత కెప్టెన్సీ దక్కలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ప్రశ్న: మా నాన్న కాలం నుంచి ఆటో నడుపుతున్నాం సార్. మన సిరాజ్‌ను కెప్టెన్ చేస్తే ఏం పోతుంది?
— ఆటో డ్రైవర్, నల్గొండ

సిరాజ్ పోతాడు అన్నా! ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడింది మన ఫాస్ట్ బౌలర్లలో అతనొక్కడే. 23 వికెట్లు. ఓవల్‌లో ఆఖరి పొద్దున వాళ్లకు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. మూడు సిరాజే తీశాడు, ఆరు పరుగులతో గెలిచాం. ఆ చివరి బంతి గంటకు 140 కిలోమీటర్ల పైన వేశాడు, అప్పటికి సిరీస్‌లో వెయ్యికి పైగా బంతులేసి ఉన్నాడు. అలాంటి మనిషి బుర్రలోకి ఫీల్డింగ్ లెక్కలు, ప్రెస్ మీట్లు ఎందుకు?

ఫాస్ట్ బౌలర్ కెప్టెన్ అయితే ఎలా ఉంటుందో బుమ్రాతో చూశాం. 2024 పెర్త్‌లో 150కి ఆలౌటైన జట్టును నడిపి 295 పరుగులతో గెలిపించాడు. మళ్లీ సిడ్నీలో రోహిత్ పక్కకు తప్పుకుంటే నడిపాడు, మ్యాచ్ మధ్యలోనే నడుము పట్టేసింది. తర్వాత తనే కెప్టెన్సీ వద్దన్నాడు. మీ నాన్నగారి కాలం నుంచి ఆటో నడుపుతున్నామన్నారు కదా. సిరాజ్ వాళ్ల నాన్న కూడా ఆటో నడిపినవాడే. ఇంజన్ ఎప్పుడు వేడెక్కుతుందో మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్. మా ఊరి జట్టుకు కెప్టెన్‌ను. టెన్నిస్ బాల్ టోర్నీల్లో వరుసగా నాలుగు ఓడిపోయాం. ఆఖరి మ్యాచ్‌లో మా వాళ్లు 17 వైడ్లు వేశారు. ఇప్పుడు అందరూ నన్ను తీసేయాలంటున్నారు. గ్రూపులో నన్ను గిల్ అని ఎక్కిరిస్తున్నారు. ఫుల్ టెన్షన్‌గా ఉంది. నేనే వదిలేయాలా?
— ఒక కుర్రవాడు, అచ్చంపేట దగ్గరి పల్లె

గిల్ అన్నారంటే సగం పొగిడినట్టే, బాధపడకు.

నీకు జవాబు చెప్పే హక్కు నాకు ఉందో లేదో నువ్వే తేల్చుకో. తొంభైల్లో నేను పాలమూరు జిల్లాలో ఒక హైస్కూల్లో ఉన్నాను. ఆ ఏడు జోనల్ పోటీలకు తీసుకెళ్లిన జట్టుకు కెప్టెన్ పదో తరగతి పిల్లవాడు. పొట్టిగా ఉండేవాడు, మాట తక్కువ, బ్యాటింగ్ అంతంతమాత్రం. వాడి దగ్గర ఒక అలవాటుంది. ఫీల్డింగ్‌కు దిగేటప్పుడు కుడి జేబులో చింతగింజలు పోసుకునేవాడు. ఓవర్‌కు ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. అందులోనూ లెక్కుంది. మా జట్టులో గట్టి బౌలర్ ఒకడే. వాడి ఓవర్లకు మాత్రం అష్టాచెమ్మాకు అరగదీసినట్టు ఒక పక్క తెల్లగా అరగదీసిన గింజలు నాలుగు. జేబులో చెయ్యి పెట్టి తడిమితే చాలు, ఆ బౌలర్‌కు ఇంకెన్ని ఓవర్లున్నాయో చూడకుండానే తెలిసిపోయేది.

రెండు మ్యాచ్‌లు ఓడాం. మా హెడ్మాస్టరు అందరి ముందూ 'ఏంటండీ ఇది' అన్నాడు. నాకు రోషం వచ్చింది. మూడో మ్యాచ్ పొద్దున, ఉప్మా తింటున్న చోటే, కెప్టెన్సీ తీసి ఇంకొకడికిచ్చాను. పొడుగ్గా ఉంటాడు, సిక్సర్లు కొడతాడు, చూడ్డానికి కెప్టెన్ లాగే ఉంటాడు. పొట్టివాడు ఏమీ అనలేదు. ప్లేటు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. గుప్పిట విప్పి, 'సార్, ఇవి వానికియ్యాల్నా?' అన్నాడు. చెమటకు తడిసి ఉన్నాయి గింజలు. నేను నవ్వాను. 'ఎందుకురా ఈ గింజలు, స్కోరరు లేడా?' అన్నాను.

ఆ మ్యాచ్ చివర్లో రెండు ఓవర్లుండగా కొత్త కెప్టెన్ గట్టి బౌలర్‌కు బంతి ఇచ్చాడు. అంపైర్ వేలు అడ్డంగా ఊపాడు. వాడి నాలుగు ఓవర్లూ ఎప్పుడో అయిపోయాయి. ఆ ఓవర్, జన్మలో బంతి పట్టని ఒకడు వేశాడు. పొట్టివాణ్ని బౌండరీ దగ్గర నిలబెట్టారు. కవర్స్‌లో ఖాళీ ఉంది. అది చూసి, అక్కడికి జరగమని చెప్పడానికి వాడు చెయ్యి పైకి లేపడం నేను చూశాను. సగం లేపి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఓడిపోయాం. నేను హెడ్మాస్టరు కోపాన్ని ఆ పిల్లవాడి మీదికి తోసేశానని నాకు ఆ సాయంత్రం జీపులోనే అర్థమైంది. వాడికి మాత్రం చెప్పలేదు. సారునన్న గర్వం.

సరే, నీ సంగతి. నీ ఉత్తరంలోనే ఉంది జవాబు. 17 వైడ్లంటే దాదాపు మూడు ఓవర్లు ఎక్కువ వేయించుకున్నట్టు, ఆ పరుగులు వేరే. అవి నువ్వు వేశావా? లేదు. కానీ వైడ్లు వేస్తున్నవాడికి మళ్లీ బంతి ఇచ్చింది నువ్వేనా? అవునైతే అది నీ ఖాతా. రేపటి నుంచి ప్రాక్టీసులో వికెట్ల ముందు ఒక ఇటుక పెట్టు, ప్రతి బౌలరూ దానికి తగిలేట్టు రోజుకు ముప్పై బంతులు వేయాలి. ఇటుకకు ఎవరు ఎక్కువ కొట్టారో రాసుకో. మ్యాచ్‌లో బంతి వాడికే, వాడు నీకు దోస్త్ అయినా కాకపోయినా.

జట్టునంతా కూర్చోబెట్టి నువ్వే అడుగు. గ్రూపులో మెసేజ్ పెట్టి కాదు, చెట్టు కింద, మొహం మొహం చూసుకుంటూ. 'నన్ను తీసేస్తే రేపు ఏం మారుతుంది?' అని. ఒకడైనా ఫలానాది మారుతుందని సరిగ్గా చెబితే, వాడికే ఇచ్చెయ్. మనస్ఫూర్తిగా ఇచ్చెయ్, ఇచ్చాక వాడి పక్కన నిలబడు. ఎవడూ చెప్పలేకపోతే ఇంకో రెండు టోర్నీలు నీవే. ఇంటర్ పరీక్షలు మాత్రం ముందున్నాయి. అక్కడ వైడ్లు ఉండవు.

ప్రశ్న: గువాహటి టెస్టులో లంచ్ కంటే ముందు టీ బ్రేక్ ఇచ్చారట. మా ఇంట్లో దీని మీద గొడవైంది. అదెక్కడి చోద్యం అన్నయ్యా?
— గృహిణి, హాలియా

నిజమేనమ్మా. అక్కడ పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగా గుంకుతుంది. చలికాలం నాలుగు దాటితే వెలుతురు తగ్గిపోతుంది. అందుకే ఆట పొద్దున తొమ్మిదికే మొదలుపెట్టి, పదకొండుకు టీ ఇచ్చి, ఒంటి గంట ఇరవైకి లంచ్ పెట్టారు. మీ సాగర్ ఎడమ కాలువ కింద నాట్లేసే ఆడవాళ్లు కూడా పదకొండు ప్రాంతంలో గట్టు మీద టీ తాగి, ఎండ నడినెత్తి దాటాక సద్ది విప్పుతారు కదా. గొడవలో మీరు గెలిచారా, మీ వారా? రాయండి.